పాఠకుల చేతిపని: పెట్టెలో దాచిన కాగితాలు పేజీకి ఎక్కేదెలా?

ఈ నెల మాకు వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒకే విషయాన్ని అడిగాయి. కొత్తగా ఏమీ కొనకుండా, ఇంట్లో ఉన్న సామానుతోనే శుభాకాంక్షల కార్డులు, జ్ఞాపకాల పుస్తకాలు తయారుచేసుకోవడం ఎలా అన్నదే ఆ విషయం. అందువల్ల ఈసారి ఈ శీర్షికను పూర్తిగా దానికే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: రంగు కాగితాలు, స్టిక్కర్లు, లేసులు, రబ్బరు ముద్రలు, రిబ్బన్లు మా ఇంట్లో రెండు ట్రంకు పెట్టెల నిండా ఉన్నాయి. ఎప్పుడు తెరిచినా ఏది వాడాలో తేలక, మంచి కాగితాలను కోయడానికి మనసు రాక, మళ్లీ మూత వేసేస్తాను. ఇంట్లోవాళ్లు ఇక ఒక్క కాగితం కూడా కొనవద్దని అంటున్నారు. నేను ఎక్కడ మొదలుపెట్టాలి? – ఒక పాఠకురాలు, టి.నగర్, చెన్నై

జవాబు: మీకు సామానుకు గానీ, ఆసక్తికి గానీ లోటు లేదు. పని మొదలయ్యే వరుస మాత్రం తలకిందులుగా ఉంది. మీరు ముందుగా పెట్టె తెరిచి, అందులోని అందమైన కాగితాలను చూసి, వాటికి తగిన సందర్భం కోసం వెతుకుతున్నారు. అలా వెతికితే ఏ సందర్భమూ ఆ కాగితానికి తగినంత గొప్పదిగా కనిపించదు. పెట్టెకు తాళం వేసి ఉంచి, ముందు ఒక ఫొటోను గానీ, కార్డు అందుకోబోయే మనిషిని గానీ ఎంచుకోండి. ఉదాహరణకు, దసరా బొమ్మల కొలువు ముందు పసుపు పట్టు పరికిణీలో కూర్చున్న మీ అమ్మాయి ఫొటో అనుకుందాం. అందులో పసుపు ఉంది, కొలువు మెట్ల మీద పరిచిన తెల్లని పంచె ఉంది, వెనకాల గోడ లేత ఆకుపచ్చగా ఉంది. ఆ మూడు రంగులను ఒక చీటీ మీద రాసుకున్న తరువాతే పెట్టె తెరవండి. సాదా కాగితాలు రెండు, పూలో గీతలో ఉన్న కాగితం ఒకటి, లేసు గానీ రిబ్బను గానీ ఒకటి, చిన్న అలంకారాలు మూడు మించకుండా తీసి ఒక పళ్లెంలో పెట్టుకుని, పెట్టెను మళ్లీ మూసేయండి. ఆ పేజీ పూర్తయ్యేవరకు పళ్లెంలో ఉన్నదే మీ సామాను. చేతిలో కొద్దిగా ఉన్నప్పుడు నిర్ణయాలు త్వరగా జరుగుతాయి, పేజీ కూడా కిక్కిరిసిపోదు.

ఖరీదైన కాగితాన్ని కోయడానికి మనసు రాకపోతే దానికీ చక్కని మార్గం ఉంది. నాలుగు అంగుళాలకు ఆరు అంగుళాల ఫొటోను పూల కాగితం మీద అంటిస్తే, ఫొటో కింద సుమారు 15 సెంటీమీటర్లకు 10 సెంటీమీటర్ల కాగితం ఎవరికీ కనబడకుండా ఉండిపోతుంది. అంటించే ముందు ఫొటో వచ్చే చోటును పెన్సిలుతో గుర్తుపెట్టుకుని, అంచుల నుంచి ఒక సెంటీమీటరు లోపలికి జరిగి, మధ్య భాగాన్ని కట్టరుతో తీసేయండి. పేజీ చూడడానికి ఏమీ మారదు. మీ చేతికి మాత్రం 13 సెంటీమీటర్లకు 8 సెంటీమీటర్ల ముక్క మిగులుతుంది, అది ఒక చిన్న కార్డు ముఖానికి సరిపోతుంది. ఇలా ఒకే కాగితం పేజీకీ కార్డుకూ వస్తుందని తెలిశాక కత్తెర పట్టుకోవడం కష్టమనిపించదు.

ఇంకొక మాట గట్టిగానే చెప్పాలి. ఈ సామానులో చాలా భాగం దాచినకొద్దీ పాడవుతుంది. స్టిక్కర్ల వెనక జిగురు ఎండిపోతుంది, డబుల్ సైడ్ టేపు పట్టు వదులుతుంది, స్కెచ్ పెన్నులు ఆరిపోతాయి, రబ్బరు ముద్రలు గట్టిపడి పగులుతాయి. చెన్నై వేడిలో, సముద్రపు తేమలో ఇది మరీ త్వరగా జరుగుతుంది. కాబట్టి అన్నిటికన్నా ముందు కొన్నదాన్ని అన్నిటికన్నా ముందు వాడండి. పట్టు వదిలిన స్టిక్కరుకు గ్లూ స్టిక్ రాస్తే సరిపోతుంది. నీటి సిరాతో పనిచేసే స్కెచ్ పెన్ను ఆరిపోతే వెనక మూత తీసి, లోపలి దూదిపై రెండు చుక్కల నీళ్లు వేసి కాసేపు తలకిందులుగా ఉంచితే మరికొంత కాలం రాస్తుంది. కాగితంలో ఆకారాలు కోసే పంచ్ మొద్దుబారితే, దానితో మడతలు పెట్టిన అల్యూమినియం ఫాయిల్‌ను నాలుగైదుసార్లు కోస్తే దాని అంచు కొంత తేరుకుంటుంది. ప్యారీస్ కార్నర్ పక్కన ఆండర్సన్ వీధి కాగితాల దుకాణాల వైపు వెళ్లాలని మనసు లాగినప్పుడు, నా ఉద్దేశంలో, కొనదగినవి రెండే ఉన్నాయి: తాజా జిగురు, కట్టరుకు కొత్త బ్లేడ్లు.

ప్రశ్న: మా ఇంటికి వచ్చిన పెళ్లి పత్రికలను పారేయలేక దాచాను. వాటితో సంక్రాంతికి, పుట్టినరోజులకు కార్డులు చేయాలని ఉంది. ప్రతి పత్రిక మీదా వినాయకుడో వేంకటేశ్వరస్వామో ఉండడంతో కత్తెర పెట్టలేకపోతున్నాను. పైగా మడతపెడితే అట్ట పగులుతోంది, జిగురు అంటుకోవడం లేదు. – ఒక పాఠకురాలు, అన్నానగర్, చెన్నై

జవాబు: మీ సంకోచం సహజమైనది, దాన్ని పక్కన పెట్టవలసిన అవసరం కూడా లేదు. దేవుడి రూపం చుట్టూ ధారాళంగా అంచు వదిలి, రూపానికి ఎక్కడా కత్తెర తగలకుండా మొత్తంగా తీసి, ఒక కవరులో విడిగా పెట్టుకోండి. గృహప్రవేశానికి, పెళ్లికి ఇచ్చే కార్డుల్లో పైభాగాన, లేదా జ్ఞాపకాల పుస్తకంలో మొదటి పేజీన, మనం ఎలాగూ ‘శ్రీ’ రాసుకునే చోట వాటిని వాడవచ్చు. నాలుగు రోజుల తరువాత చెత్తబుట్టలోకి వెళ్లే అవకాశమున్న పిల్లల పుట్టినరోజు కార్డు మీద మాత్రం పెట్టకండి. దగ్గరి బంధువుల శుభలేఖలను అసలు కోయవద్దని కూడా చెబుతాను. పెద్దల పేర్లు, ఊర్లు, ముహూర్తం అన్నీ ఒకేచోట అచ్చులో ఉన్న అలాంటి కాగితం మళ్లీ దొరకదు. దాన్ని మొత్తంగానే పుస్తకంలో ఒక జేబు చేసి పెట్టాలి. మిగిలిన పత్రికల్లో బంగారు అంచులు, కుచ్చులు, రంగు కవర్ల లోపలి వైపు, ఒకవైపే అచ్చయిన లోపలి కాగితాల వెనక భాగం, ఇవన్నీ మీ ముడిసరుకు.

అట్ట పగలడానికి కారణం దాని పోగు దిశ. యంత్రం మీద కాగితం తయారయ్యేటప్పుడు నారలో ఎక్కువ భాగం ఒకే దిశలో సర్దుకుంటుంది. ఆ దిశ వెంట మడత శుభ్రంగా పడుతుంది, దానికి అడ్డంగా మడిస్తే పైపొర చిట్లుతుంది. అట్టను రెండు చేతులతో పట్టుకుని నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి, మడత పడకుండా మెల్లగా వంచి చూడండి. ఎటు సులువుగా వంగిందో ఆ మడతే పోగు వెంట పడుతుంది. వీలైనంతవరకు కార్డు మడతను అటే పెట్టుకోండి. తరువాత స్కేలు ఆనించి, సిరా అయిపోయిన బాల్‌పెన్ రీఫిల్‌తో గట్టిగా ఒక గీత గీస్తే గాడి పడుతుంది. ఆ గాడి బయటివైపుకు, దాని వెనక లేచిన గట్టు లోపలికి వచ్చేలా మడవండి. చాలామంది గాడిలోకి మడుస్తారు. పగుళ్లలో సగం అక్కడే వస్తాయి.

జిగురు పట్టకపోవడానికి కారణం అట్ట మీది సన్నని ప్లాస్టిక్ పొర. ఫెవికాల్ వంటి తెల్ల జిగురులోని నీరు కాగితంలోకి ఇంకితేనే అది పట్టుకుంటుంది, ఈ పొర నీటిని ఇంకనివ్వదు. అంటించే చోట గరుకు కాగితంతో రుద్దండి, లేదా డబుల్ సైడ్ టేపు వాడండి. పెన్నుతో రాసినా సిరా చెరిగిపోతుంది కనుక, కార్డు కన్నా చుట్టూ అర సెంటీమీటరు తక్కువగా సాదా తెల్ల కాగితాన్ని కోసి, మడత దగ్గర సన్నని జిగురు గీతతో మాత్రమే లోపల అంటించి, మీ మాటలు దానిమీద రాయండి.

తపాలాలో పంపేటట్లయితే బరువు చూసుకోవాలి, ఎందుకంటే ఉత్తరానికి రుసుము 20 గ్రాముల చొప్పున పెరుగుతుంది. ఇంట్లో సన్నని తూకం లేకపోయినా లెక్క కట్టుకోవచ్చు. ఏ4 కాగితం చదరపు మీటరులో 16వ వంతు. జీఎస్ఎం అంటే చదరపు మీటరుకు ఎన్ని గ్రాములన్నది. కాబట్టి 250 జీఎస్ఎం అట్ట ఏ4 పరిమాణంలో 16 గ్రాములకు కొంచెం తక్కువ తూగుతుంది. దాన్ని సగం చేసి మడిచిన కార్డు 8 గ్రాముల లోపే ఉంటుంది. మామూలు కవరు, లోపలి కాగితం కలిపినా మరో 6 గ్రాములు దాటకపోవచ్చు. మిగిలిన బరువులోనే మీ అలంకారం సర్దుకోవాలి. కుందన్లు, గుండీలు, గాజు పూసలు బరువుతో పాటు కవరును లోపలి నుంచి చింపుతాయి. చేతికిచ్చే కార్డులకే వాటిని ఉంచుకోవడం మేలు.

ప్రశ్న: నేను తొమ్మిదో తరగతి చదువుతున్నాను. అమ్మ పుట్టినరోజుకు నేనే కార్డు చేసి ఇవ్వాలనుకుంటున్నాను. నా దగ్గర డ్రాయింగ్ పుస్తకం, స్కేలు, కత్తెర, ఎరుపు, నీలం పెన్నులు మాత్రమే ఉన్నాయి. – ఒక విద్యార్థిని, ఆవడి

జవాబు: అమ్మాయీ, నీ దగ్గర ఉన్నవాటికి ఇంట్లో దొరికే పెన్సిలు, రబ్బరు, గుండుసూది, కాస్త జిగురు తోడైతే చాలు. డ్రాయింగ్ పుస్తకంలోని కాగితాన్ని సగానికి మడిచి, పై ముఖం మీద పెన్సిలుతో సన్నగా చుక్కలు పెట్టి, మీ అమ్మగారు గుమ్మం ముందు వేసే ముగ్గుల్లో నీకు బాగా వచ్చినదాన్ని గీసుకో. కార్డు విప్పి, ఆ ముఖం కింద మడిచిన తువ్వాలు పరిచి, గీత వెంట గుండుసూదితో దగ్గరదగ్గరగా పొడిచి, తరువాత పెన్సిలు గీతలను రబ్బరుతో తుడిచెయ్యి. కార్డును వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే ముగ్గు మొత్తం కనిపిస్తుంది, రంగు అవసరమే లేదు. లోపల బొమ్మ లేచి నిలబడాలంటే మరో కాగితాన్ని సగానికి మడిచి, మడత మీద రెండు సెంటీమీటర్ల ఎడంతో రెండు గాట్లు, రెండేసి సెంటీమీటర్ల లోతుకు కోసి, మధ్య ముక్కను లోపలివైపు నెట్టు. అది చిన్న మెట్టులా నిలుస్తుంది. దాని ముందు నువ్వు గీసి కత్తిరించిన పువ్వును అంటించి, మెట్టుకు వెనక జిగురు తగలకుండా ఈ కాగితాన్ని మడతకు మడత కలిపి కార్డు లోపల అతికించు. అన్నిటికన్నా ముఖ్యం రాత. ‘పుట్టినరోజు శుభాకాంక్షలు’ అని మాత్రమే రాయకు. ఈ ఏడాది అమ్మ నీకోసం చేసిన ఒక్క పనిని ఎంచుకుని, అది ఎప్పుడు, ఎలా జరిగిందో నాలుగు వాక్యాల్లో రాయి.

ప్రశ్న: నేను రైల్వేలో పనిచేసి పదవీ విరమణ చేసినవాడిని. పాత అట్ట టికెట్లు, నా తండ్రిగారి ఇన్‌లాండ్ ఉత్తరాలు, నలుపు తెలుపు ఫొటోలు, రోజుకొక కాగితం చింపే క్యాలెండరు నుంచి పిల్లలు పుట్టిన తేదీల కాగితాలు దాచి ఉంచాను. వీటన్నిటినీ ఒక పుస్తకంగా చేసి మనవడికి ఇవ్వాలని ఉంది. మైదా ఉడకబెట్టి మైలుతుత్తం కలిపిన జిగురు పురుగు పట్టకుండా ఉంటుందని ఇంట్లో అంటున్నారు. అది వాడవచ్చా? – ఒక పాఠకుడు, పెరంబూరు, చెన్నై

జవాబు: అయ్యా, ముందుగా జిగురు సంగతి. మైలుతుత్తం పురుగులను ఆపే మాట నిజమే. కానీ అందులో ఉన్నది రాగి లవణం. రాగి కాలక్రమేణా కాగితపు నారను బలహీనపరచి, గోధుమ రంగుకు తిప్పి, పెళుసుగా చేస్తుంది. అది విషం కూడా. పుస్తకాలకు అట్టలు వేయడానికి ఆ జిగురు ఎంతోకాలం పనికొచ్చింది గానీ, మీ తండ్రిగారి చేతిరాతకు మాత్రం దాన్ని తాకనివ్వకండి. సెల్లోటేపు కూడా వద్దు. దాని జిగురు పసుపుపచ్చగా మారి కాగితంలోకి దిగిపోతుంది, తరువాత తీయడం దాదాపు అసాధ్యం.

అసలు ఇటువంటి వస్తువులను అంటించకుండానే నిలబెట్టడం ఉత్తమం. రెండు సెంటీమీటర్ల వెడల్పు, నాలుగు సెంటీమీటర్ల పొడవు గల మంచి తెల్ల కాగితపు ముక్కను పొడవు వైపు అడ్డంగా ఉండేలా పెట్టుకుని, పై మూలలు రెండింటినీ కింది అంచు మధ్యకు మడిస్తే త్రికోణం వస్తుంది. మడతలున్న వైపు పేజీకి అంటించి, మడతల పొరకూ పై పొరకూ మధ్య ఫొటో మూలను దూర్చండి. నాలుగు మూలలకూ ఇలా చేస్తే ఫొటోకు జిగురు చుక్క కూడా తగలదు. మీ మనవడు ఎప్పుడైనా తీసి వెనక రాసినది చదువుకోగలడు. ఇన్‌లాండ్ ఉత్తరం రెండు వైపులా రాసి ఉంటుంది కనుక దాన్ని మూడు వైపులా మూసిన కాగితపు జేబులో పెట్టండి.

అట్ట టికెట్లకు పేజీలో ప్రత్యేక స్థానం ఇవ్వండి. 1830లలో ఇంగ్లండులో థామస్ ఎడ్మండ్‌సన్ ప్రవేశపెట్టిన పద్ధతి ఇది. సుమారు 57 మిల్లీమీటర్లకు 31 మిల్లీమీటర్ల ఆ చిన్న అట్ట కొలతనే మన రైల్వేలు దశాబ్దాలపాటు వాడాయి. టికెట్ మీద ‘మద్రాసు సెంట్రల్’ అని ఉంటే పక్కన వివరం రాయడం తప్పనిసరి. 1996లో నగరం పేరు చెన్నై అయిందనీ, 2019లో స్టేషనుకు ఎం.జి. రామచంద్రన్ పేరు పెట్టారనీ మీకు తెలుసు గానీ, మీ మనవడు ఆ రెండు పేర్లూ ఒకే చోటువని పోల్చుకోలేకపోవచ్చు. ఆ టికెట్లు నడిచిన రోజుల్లో మీరు రైల్వేలో పనిచేశారు. వాటిని తారీఖు యంత్రంలో ఎలా దూర్చేవారో, ఏ కిటికీ వద్ద ఏ రద్దీ ఉండేదో మీరు రాస్తే తప్ప ఆ కుటుంబంలో మరెవరూ రాయలేరు.

క్యాలెండరు కాగితాలు, పత్రికల ముక్కలు నాసిరకం చెక్క గుజ్జుతో చేసినవి. అవి తాము పసుపుబారడమే కాక, ఆనుకున్న ఫొటోకు కూడా మరకను అంటిస్తాయి. వాటిని మంచి తెల్ల కాగితం మీద జిరాక్స్ తీయించి, నకలును పేజీలో పెట్టి, అసలును వేరే కవరులో భద్రపరచండి. ఈమధ్యవి బస్సు యంత్రపు టికెట్లు, ఏటీఎం చీటీలు, సినిమా టికెట్లు ఉంటే వాటికి జిరాక్స్ వెంటనే తీయించాలి. వేడితో అచ్చయ్యే ఆ కాగితాల మీది అక్షరాలు కొన్నేళ్లలోనే పూర్తిగా మాసిపోతాయి.

ఫొటో వెనక రాసేటప్పుడు మెత్తని 2బి పెన్సిలు వాడి, చదునైన బల్ల మీద పెట్టి, అంచున తేలికగా రాయండి. బాల్‌పెన్ నొక్కు ముందువైపుకు కనిపిస్తుంది. ‘పెద్దత్తయ్య’ అని రాస్తే చాలదు, ఎందుకంటే మీ పెద్దత్తయ్య ఆ అబ్బాయికి ఏమవుతారో అతనికి తెలియదు. పేరు, ఇంటిపేరు, ఎవరి కూతురో, ఏ ఊరో, సుమారుగా ఏ సంవత్సరమో రాయండి. పుస్తకం ఏ4 పరిమాణంలో ఉంటే జిరాక్స్‌కు, ప్రింటుకు, ఫైలు కవర్లకు అన్నిటికీ కుదురుతుంది. ఆ ప్లాస్టిక్ కవర్లు పాలీప్రొపిలీన్‌వి అయి ఉండాలి. ఘాటైన వాసన వచ్చే పీవీసీ కవర్లు ఫొటోలను పాడుచేస్తాయి.

ప్రశ్న: అమ్మమ్మగారి కంచిపట్టు చీర చిరిగిపోయింది. జరీ అంచు ముక్కను ఆమె ఫొటో పక్కన పెట్టాలనుకుంటున్నాను. జాగ్రత్తలు చెప్పగలరా? – ఒక పాఠకురాలు, మైలాపూర్, చెన్నై

జవాబు: తప్పక పెట్టండి, ఇంత తగిన అలంకారం దుకాణంలో దొరకదు. అయితే జరీలో వెండి, రాగి ఉంటాయి, అవి గాలికి నల్లబడతాయి. ముదురు పట్టు రంగులు తేమకు దిగుతాయి. అందువల్ల బట్ట ఫొటోను నేరుగా తాకకూడదు, పుస్తకం మూసినప్పుడు ఎదుటి పేజీలోని ఫొటోకు కూడా ఆనకూడదు. మధ్యలో ఒక సాదా కాగితం ఉంచండి. తడిపిన తెల్ల నూలు గుడ్డను ఒక మూల ఒత్తి చూస్తే రంగు దిగేదీ లేనిదీ తెలుస్తుంది. కోయబోయే గీత వెంట ముందుగా పలుచగా జిగురు రాసి, ఆరిన తరువాత కోస్తే పోగులు ఊడవు. పేజీకి తెల్ల జిగురుతో కాక డబుల్ సైడ్ టేపుతో అతికించండి.

ప్రశ్న: 2015 డిసెంబరు వరదల్లో మా ఇంట్లోకి నీళ్లు వచ్చినప్పుడు కొన్ని ఆల్బములు పోయాయి. మిగిలిన ఒక ఆల్బములో ఫొటోలు జిగురు పేజీలకు, పైనున్న ప్లాస్టిక్ పొరకు పట్టేసుకున్నాయి. వాటిని తీసి కొత్తగా ఒక పుస్తకం చేసుకోవచ్చా? – ఒక పాఠకురాలు, సైదాపేట, చెన్నై

జవాబు: చేసుకోవచ్చు, కానీ నిదానంగా చేయాలి. చేయి పెట్టే ముందు ప్రతి పేజీనీ ఉన్నది ఉన్నట్లుగా పగటి వెలుతురులో ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. ఏదైనా చిరిగినా బొమ్మ మిగులుతుంది. ప్లాస్టిక్ పొర ఫొటో ముఖానికి అంటుకుని ఉంటే లాగవద్దు. లాగితే బొమ్మ పొరతోపాటు వస్తుంది. అటువంటి పేజీని పొరతో సహా స్కాన్ చేయించడమే దారి. అద్దపు ఫ్రేముకు అతుక్కున్న ఫొటోలకు కూడా ఇదే వర్తిస్తుంది. వెనకవైపు మాత్రమే జిగురుకు పట్టుకున్న ఫొటో అయితే, పళ్ల సందులు శుభ్రం చేసుకునే ఫ్లాస్ దారాన్ని మూల నుంచి దూర్చి, రెండు చేతులతో రంపంలా మెల్లగా కదుపుతూ వెళ్లండి. ఫొటోను వంచకండి, వంగవలసి వస్తే వెనక పేజీయే వంగాలి. బూజు మరకలుంటే ముందు బాగా ఆరనిచ్చి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఆరుబయట మెత్తని కుంచెతో దులపండి. తడి గుడ్డతో తుడవకండి.

బయటికి తీసిన ఫొటోలు జిగురు పేజీల్లోకి మళ్లీ వెళ్లకూడదు. పైన రైల్వేలో పనిచేసిన పాఠకుడికి చెప్పిన కాగితపు మూలలు మీకూ పనికొస్తాయి. ఆల్బములను నేలమీది అరలో, బయటి గోడకు ఆనించి పెట్టకుండా, గది మధ్య వైపున్న బీరువా పై అరలో నిలువుగా ఉంచండి. కొత్త చెప్పుల పెట్టెల్లో, మందుల సీసాల్లో వచ్చే సిలికా పొట్లాలను కూడబెట్టి పెట్టెలో వేయవచ్చు గానీ, అవి తేమను పీల్చుకున్నాక పనిచేయవు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కురిసే వానల కాలంలో వాటిని మార్చుతూ ఉండాలి. మళ్లీ ఎప్పుడైనా ఫొటోలు తడిస్తే, స్టూడియోలో కడిగించిన ఫొటోలను ఒకదానిమీద ఒకటి ఉండగా ఆరనివ్వవద్దు. చల్లని శుభ్రమైన నీటిలో ఉంచి, రెండు రోజులు దాటకముందే ఒక్కొక్కటిగా విడదీసి, బొమ్మ పైకి ఉండేలా నీడలో పరచండి. ఇంటి ప్రింటరులో తీసిన ఫొటోలను మాత్రం నీటిలో వేయవద్దు, రంగు కరిగిపోతుంది.

పోయిన ఆల్బముల సంగతి కూడా అంతటితో వదిలేయవద్దు. పెళ్లిళ్లకు, ఓణీల వేడుకలకు తీసిన ఫొటోలకు కాపీలు వేయించి బంధువులకు పంచడం మన ఇళ్లలో ఉన్నదే. మేనమామలను, పిన్నిగార్లను, పెద్దనాన్నగారి పిల్లలను అడగండి. వాళ్లు వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే బొమ్మ కుదించుకుపోయి, ముద్రించినప్పుడు మసకబారుతుంది. అందువల్ల ఫొటోను స్కాన్ చేయించి, ఆ ఫైలును ఈమెయిలుకు జోడించి పంపమని కోరండి.